వాయు నియమాలు

ఒక వాయువు యొక్క పీడనము, ఘనపరిమాణము, ఉష్ణోగ్రత, అందులోని పదార్థ పరిమాణము అనే నాలుగు రాశుల మధ్య గల సంబంధాలను తెలిపే నియమాలను వాయు నియమాలు అంటారు. బాయిల్ నియమము, ఛార్లెస్ నియమము, గే-లూసాక్ నియమము, అవగాడ్రో నియమము వీటిలో ముఖ్యమైనవి. ఈ నాలుగింటినీ కలిపి ఒకే సూత్రంగా చెప్పినదే ఆదర్శ వాయు సమీకరణము. ఘనపదార్థాలకు, ద్రవాలకు ఇటువంటి ఉమ్మడి సూత్రం లేదు. ఇనుము ఒక విధంగా వ్యాకోచిస్తే రాగి మరొక విధంగా వ్యాకోచిస్తుంది. వాయువులు మాత్రం, అది హైడ్రోజన్ అయినా నత్రజని అయినా, సాధారణ పరిస్థితులలో దాదాపు ఒకే సూత్రానికి లోబడి ఉంటాయి.

ఈ నియమాలను పాఠశాల స్థాయిలోనే బోధిస్తారు. అయితే ప్రతి నియమానికీ ముందు "స్థిర ఉష్ణోగ్రత వద్ద", "నియమిత ద్రవ్యరాశి గల" వంటి షరతులు ఉంటాయి. సూత్రం గుర్తుండి షరతు మరచిపోవడం వలన పరీక్షలో మార్కులు పోవడమే కాక, ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండరు ఇంకా ఎంతసేపు వస్తుందన్న లెక్క కూడా తప్పుతుంది. అందువలన ఈ వ్యాసంలో నియమాలతో పాటు వాటి హద్దులను కూడా వివరించడమైనది.

బాయిల్ నియమము

నియమిత ద్రవ్యరాశి గల వాయువు యొక్క ఘనపరిమాణము, స్థిర ఉష్ణోగ్రత వద్ద, దాని పీడనానికి విలోమానుపాతంలో ఉంటుంది. అనగా,

పీడనం × ఘనపరిమాణం = స్థిరాంకం

పీడనం రెట్టింపయితే ఘనపరిమాణం సగమవుతుంది. పీడనం మూడు రెట్లయితే ఘనపరిమాణం మూడవ వంతుకు తగ్గుతుంది.

ఈ నియమం ఒక వివాదం నుండి పుట్టింది. 1643లో ఇటలీకి చెందిన టారిసెల్లి, పాదరసం నింపిన గాజు గొట్టాన్ని పాదరసపు తొట్టెలో తలక్రిందులుగా నిలిపితే దాదాపు 76 సెంటీమీటర్ల ఎత్తున పాదరసం నిలబడుతుందని చూపాడు. బయటి గాలి బరువే పాదరసాన్ని పైకి నెట్టి నిలుపుతున్నదని ఆయన వివరణ. ఐర్లండులో జన్మించి ఇంగ్లండులో స్థిరపడిన రాబర్ట్ బాయిల్ (1627-1691), తన సహాయకుడు రాబర్ట్ హుక్ తయారుచేసిన గాలి పంపుతో అనేక ప్రయోగాలు చేసి, గాలికి స్ప్రింగు వంటి స్వభావం ఉన్నదని 1660లో ఒక గ్రంథం ప్రకటించాడు. ఫ్రాన్సిస్ లైనస్ అనే మతాచార్యుడు దీనిని అంగీకరించలేదు. గాలికి అంత బలం లేదని, గొట్టం పైభాగాన కంటికి కనబడని ఒక తంతువు పాదరసాన్ని పైకి లాగి పట్టుకొంటున్నదని ఆయన వాదించాడు.

దీనికి సమాధానంగా బాయిల్ ఒక చివర మూసి ఉన్న, ఆంగ్ల అక్షరం జె ఆకారపు గాజు గొట్టాన్ని తీసుకొన్నాడు. మూసిన పొట్టి భుజంలో కొంత గాలిని బంధించి, తెరచి ఉన్న పొడవు భుజంలో పాదరసం పోస్తూ పోయాడు. గొట్టం ఎంత పొడవైనదంటే ప్రయోగాన్ని మెట్లదారిలో నిలిపి చేయవలసి వచ్చింది. బంధించిన గాలి మొదట 12 అంగుళాల పొడవున ఉన్నది. దానిని పావు అంగుళాలలో కొలిచి 48 భాగాలుగా వ్రాసుకొన్నాడు. అప్పుడు దానిపై పీడనం వాతావరణానిదే, అనగా 29.125 అంగుళాల పాదరసం. గాలిని 24 భాగాలకు కుదించినప్పుడు మొత్తం పీడనం 58.8125 అంగుళాలు, 12 భాగాలకు కుదించినప్పుడు 117.5625 అంగుళాలు అయినది. ఈ మూడు జతలను గుణించి చూస్తే వరుసగా 1398, 1411.5, 1410.75 వస్తాయి. మూడున్నర శతాబ్దాల క్రితం చేతితో పోసిన పాదరసంతో, ఒక్క శాతం తేడాలోపు వచ్చిన ఫలితమిది. గాలి తన బలంతోనే నాలుగు వాతావరణాల బరువును మోయగలదని తేలిన తరువాత కనబడని తంతువుతో పని లేకపోయింది.

ఈ ఫలితాలు 1662లో వెలువడ్డాయి. పీడనానికీ ఘనపరిమాణానికీ విలోమ సంబంధం ఉండవచ్చునన్న ఊహ తనది కాదని, రిచర్డ్ టౌన్లీ అనే పెద్దమనిషిదని బాయిల్ స్వయంగా పేర్కొన్నాడు. టౌన్లీ, హెన్రీ పవర్ అనే వైద్యుడు కలసి 1661లోనే ఇటువంటి ప్రయోగాలు చేశారు. అయినా నియమానికి బాయిల్ పేరే స్థిరపడింది. ఫ్రాన్సులో మాత్రం 1670లలో ఇదే నియమాన్ని ప్రకటించిన మారియట్ పేరుతో దీనిని పిలుస్తారు.

నిత్యజీవితంలో ఈ నియమం ప్రాణాంతకంగా కనబడేది నీటి అడుగున. ప్రతి 10 మీటర్ల లోతుకు పీడనం దాదాపు ఒక వాతావరణం చొప్పున పెరుగుతుంది. కనుక 10 మీటర్ల లోతున పీడనం ఉపరితలం మీద కంటె రెట్టింపు. అక్కడ సిలిండరు నుండి గాలి పీల్చిన గజ ఈతగాడు ఊపిరి బిగబట్టి పైకి వస్తే, ఊపిరితిత్తులలోని గాలి రెండింతలు కావడానికి ప్రయత్నిస్తుంది. ఊపిరితిత్తులు చిట్లే ప్రమాదం ఉన్నది. పైకి వచ్చేటప్పుడు గాలి వదులుతూ రావాలనేది ఈ విద్యలో మొదటి పాఠం. ఉపరితలం మీదనే ఊపిరి పీల్చుకొని మునిగినవారికి ఈ ఇబ్బంది లేదు. వారి ఊపిరితిత్తులలోని గాలి క్రింద సగానికి కుదించుకొని, పైకి రాగానే మునుపటి ఘనపరిమాణానికే వస్తుంది.

ఉష్ణోగ్రత ప్రభావము

పీడనం స్థిరంగా ఉంచి వాయువును వేడిచేస్తే ఘనపరిమాణం పెరుగుతుంది. ఇది ఛార్లెస్ నియమము. ఘనపరిమాణం స్థిరంగా ఉంచి వేడిచేస్తే పీడనం పెరుగుతుంది. ఇది గే-లూసాక్ నియమము. పేర్ల విషయంలో ఇక్కడ కొంత చిక్కు ఉన్నది.

రెండవ నియమాన్ని నిజానికి మొదట గమనించినవాడు ఫ్రాన్సు దేశీయుడైన అమాంటన్. 1700కు అటూ ఇటూగా ఆయన గాలిని గాజు బల్బులో బంధించి, మామూలు వాతావరణం నుండి మరిగే నీటి వరకు వేడిచేస్తే దాని పీడనం సుమారు మూడవ వంతు పెరుగుతుందని కనుగొన్నాడు. వేడిచేస్తే పీడనం పెరిగినప్పుడు, చల్లబరుస్తూ పోతే తగ్గుతూ పోవాలి కదా. ఆ తర్కంతో, గాలి పీడనం పూర్తిగా నశించే అంతిమ శైత్యం ఒకటి ఉండాలని కూడా ఆయన సూచించాడు.

మొదటి నియమం పేరుగల ఛార్లెస్ హైడ్రోజన్ బెలూను నిర్మాతగా ప్రసిద్ధుడు. 1783 డిసెంబరు 1న పారిస్ నుండి ఆయన, నికొలాస్ రాబర్ట్ కలసి హైడ్రోజన్ బెలూనులో మొదటిసారి ఆకాశయానం చేశారు. అంతకు ముందు ఆగస్టు 27న ఎగరవేసిన మనిషిలేని బెలూను గొనెస్ అనే పల్లెలో దిగితే, గ్రామస్థులు దానిని ఏదో భూతమనుకొని పొడిచి చించివేశారు. వాయువుల వ్యాకోచం మీద ఛార్లెస్ 1787 ప్రాంతంలో ప్రయోగాలు చేసినా వాటిని ప్రచురించలేదు. 1802లో గే-లూసాక్ మరింత జాగ్రత్తతో అవే ప్రయోగాలు చేసి ప్రచురిస్తూ, ఛార్లెస్ 15 ఏళ్ళ ముందే ఈ పని చేశాడని పేర్కొన్నాడు. ఆ ఒక్క వాక్యం వలననే ఛార్లెస్ పేరు నియమానికి దక్కింది. గే-లూసాక్‌కు రెండవ నియమం దక్కింది. అమాంటన్ పేరు చాలా పాఠ్యపుస్తకాలలో లేదు.

గే-లూసాక్ కొలతల ప్రకారం 0 డిగ్రీల సెల్సియస్ వద్ద 100 భాగాలున్న వాయువు 100 డిగ్రీల వద్ద 137.5 భాగాలవుతుంది. తరువాత 1840లలో రెన్యో మొదలైనవారు చేసిన కచ్చితమైన కొలతల వలన ఇది 136.6 అని తేలింది. అనగా ఒక్కొక్క డిగ్రీకి వాయువు, 0 డిగ్రీల వద్ద తనకు గల ఘనపరిమాణంలో 273వ వంతు చొప్పున పెరుగుతుంది. ఇందులో "0 డిగ్రీల వద్ద" అన్న మాట ముఖ్యమైనది. 50 డిగ్రీల వద్ద ఉన్న వాయువును 51 డిగ్రీలకు వేడిచేస్తే అది పెరిగేది అప్పటి ఘనపరిమాణంలో 273వ వంతు కాదు, 323వ వంతు మాత్రమే. దీనిని వడ్డీ మీద వడ్డీ వలె లెక్కించరాదు. ఇది బారువడ్డీ లెక్క.

పరమ ఉష్ణోగ్రత

పై సంబంధాన్ని గ్రాఫుగా గీస్తే సరళరేఖ వస్తుంది. ఆ రేఖను చల్లదనం వైపు పొడిగిస్తే ఏ వాయువుదైనా సరే, -273.15 డిగ్రీల సెల్సియస్ వద్ద ఘనపరిమాణం సున్నా అవుతుంది. నిజంగా ఏ వాయువూ అంతవరకు వాయువుగా మిగలదు, ముందే ద్రవమైపోతుంది. అయినప్పటికీ అన్ని రేఖలూ ఒకే బిందువును సూచించడం గమనార్హం. 1848లో విలియం థామ్సన్, అనగా తరువాతి కాలపు లార్డ్ కెల్విన్, ఏ పదార్థం మీదా ఆధారపడని ఉష్ణోగ్రతామానాన్ని ప్రతిపాదించాడు. ఆయన పేరుతోనే ఇప్పుడు వాడుకలో ఉన్న కెల్విన్ మానానికి సున్నా ఈ బిందువే. సెల్సియస్ విలువకు 273.15 కలిపితే కెల్విన్ విలువ వస్తుంది; పాఠశాల లెక్కలలో 273 చాలును.

పరమ ఉష్ణోగ్రతతో చెప్పినప్పుడు ఛార్లెస్, గే-లూసాక్ నియమాలు రెండూ ఎంతో సరళమవుతాయి. స్థిర పీడనం వద్ద ఘనపరిమాణం పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉంటుంది. స్థిర ఘనపరిమాణం వద్ద పీడనం పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉంటుంది.

అవగాడ్రో నియమము, ఆదర్శ వాయు సమీకరణము

ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం వద్ద సమాన ఘనపరిమాణాలు గల వాయువులలో సమాన సంఖ్యలో అణువులు ఉంటాయని 1811లో అవగాడ్రో ప్రతిపాదించాడు. దాదాపు అర్ధ శతాబ్దం పాటు రసాయన శాస్త్రజ్ఞులు దీనిని పట్టించుకోలేదు. 1860లో కార్ల్స్‌రూ నగరంలో జరిగిన సమావేశంలో కన్నిజారో దీని ప్రాముఖ్యాన్ని వివరించిన తరువాతనే ఇది ఆమోదం పొందింది. ఒక మోల్ వాయువులో అణువుల సంఖ్య 6.022 × 10²³. 0 డిగ్రీల సెల్సియస్, ఒక అట్మాస్ఫియర్ పీడనం వద్ద ఒక మోల్ ఆదర్శ వాయువు 22.4 లీటర్లు ఆక్రమిస్తుంది.

1834లో క్లాపేరన్ బాయిల్, గే-లూసాక్ నియమాలను ఒకే సమీకరణంగా కూర్చాడు. దాని నేటి రూపం ఇది:

పీడనం × ఘనపరిమాణం = మోల్‌ల సంఖ్య × వాయు స్థిరాంకం × పరమ ఉష్ణోగ్రత

తరగతి గదులలో "పీవీ = ఎన్ఆర్‌టీ" అని వల్లెవేసేది దీనినే. సార్వత్రిక వాయు స్థిరాంకం విలువ మోల్‌కు, కెల్విన్‌కు 8.314 జౌళ్ళు. పీడనాన్ని అట్మాస్ఫియర్లలో, ఘనపరిమాణాన్ని లీటర్లలో తీసుకొంటే 0.0821. వాయువు మొత్తం మారకుండా పరిస్థితులు మాత్రమే మారినప్పుడు, పీడనాన్ని ఘనపరిమాణంతో గుణించి పరమ ఉష్ణోగ్రతతో భాగించిన విలువ మారదు.

హైదరాబాదులో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి బెలూన్ కేంద్రం ఉన్నది. అక్కడి నుండి పరిశోధన పరికరాలతో పైకి పంపే పెద్ద బెలూన్లను నేల మీద నిండుగా నింపరు. పలుచని ప్లాస్టిక్ సంచి పైభాగాన కొద్దిపాటి హైడ్రోజన్ మాత్రమే ఉంటుంది, మిగిలిన సంచి ముడుచుకొని వ్రేలాడుతూ ఉంటుంది. కారణం పై సమీకరణం నుండి తెలుస్తుంది. హైదరాబాదు ఎత్తున వాతావరణ పీడనం సుమారు 950 హెక్టోపాస్కళ్ళు, ఉష్ణోగ్రత 300 కెల్విన్ అనుకొందాం. 30 కిలోమీటర్ల ఎత్తున పీడనం సుమారు 12 హెక్టోపాస్కళ్ళు, ఉష్ణోగ్రత సుమారు 226 కెల్విన్. పీడనం తగ్గడం వలన వాయువు 79 రెట్లు పెరగాలి. చలి వలన అందులో నాలుగవ వంతు తగ్గుతుంది. వెరసి దాదాపు 60 రెట్లు. నేల మీద ముడతలుపడి ఉన్న సంచి అక్కడికి చేరేసరికి నిండు గోళమవుతుంది.

లెక్కలలో జాగ్రత్తలు

రెండు పొరపాట్లు తరచుగా జరుగుతుంటాయి. ఒకటి సెల్సియస్ డిగ్రీలను యథాతథంగా సమీకరణంలో వాడడం. రెండవది గేజి చూపే పీడనాన్ని మొత్తం పీడనంగా భావించడం. గేజి చూపేది వాతావరణ పీడనం కంటె ఎంత ఎక్కువ ఉన్నదో అంతే. దానికి వాతావరణ పీడనాన్ని కలిపితేనే పరమ పీడనం వస్తుంది.

కారు టైరును ఉదాహరణగా తీసుకొందాం. ఉదయం 27 డిగ్రీల వేడిలో "32 పెట్టించాము" అంటే, గేజి పీడనం చదరపు అంగుళానికి 32 పౌండ్లు అని అర్థం. వాతావరణానిది 14.7 కలిపితే పరమ పీడనం 46.7. ఎండాకాలపు రోడ్డు మీద ప్రయాణించి టైరులోని గాలి 57 డిగ్రీలకు వేడెక్కిందనుకొందాం. పరమ ఉష్ణోగ్రత 300 నుండి 330కి, అనగా పదవ వంతు పెరిగింది. టైరు ఘనపరిమాణం పెద్దగా మారదు కనుక పరమ పీడనం 51.4 అవుతుంది. గేజి చూపేది 36.7. వాతావరణ పీడనాన్ని కలపడం మరచినవారికి 35.2 వస్తుంది. సెల్సియస్‌లోనే లెక్కించినవారికి పీడనం రెట్టింపును మించి పెరిగి టైరు పేలిపోవాలి! వేడెక్కిన టైరులో అదనంగా కనబడే ఆ నాలుగైదు పౌండ్లను చూచి గాలి తీసివేయడం మంచిది కాదు. చల్లారిన తరువాత టైరులో గాలి తక్కువవుతుంది. టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూపించుకోవాలని తయారీదారులు చెప్పేది అందువలననే.

అణుచలన సిద్ధాంతము

వాయువు ఎందుకు ఇలా ప్రవర్తిస్తుందో పై నియమాలు చెప్పవు, ఎలా ప్రవర్తిస్తుందో మాత్రమే చెబుతాయి. ఎందుకో చెప్పేది అణుచలన సిద్ధాంతము. దీని ప్రకారం వాయువు అంటే నిరంతరం అన్ని దిక్కులకూ పరుగెత్తే అణువుల సమూహం. అవి పాత్ర గోడలను ఢీకొని వెనుకకు మరలడమే పీడనం. పాత్రను సగానికి కుదిస్తే అణువులు గోడలను రెట్టింపు సార్లు ఢీకొంటాయి, పీడనం రెట్టింపవుతుంది. వేడిచేస్తే వాటి వేగం పెరుగుతుంది, తాకిడి సంఖ్యా పెరుగుతుంది, తాకిడి బలమూ పెరుగుతుంది. అణువుల సగటు గతిజశక్తి పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉంటుంది. గది ఉష్ణోగ్రత వద్ద నత్రజని అణువుల వేగం సెకనుకు సుమారు 500 మీటర్లు.

1738లోనే డేనియల్ బెర్నౌలి ఈ భావనతో బాయిల్ నియమాన్ని రాబట్టాడు. కాని ఉష్ణం ఒక ద్రవపదార్థమన్న నమ్మకం బలంగా ఉన్న కాలంలో ఆయన మాట చెల్లలేదు. శతాబ్దం తరువాత మరొక విచారకరమైన సంఘటన జరిగింది. బొంబాయిలో ఈస్టిండియా కంపెనీ నౌకాదళ విద్యార్థులకు పాఠాలు చెప్పే జాన్ జేమ్స్ వాటర్‌స్టన్ అనే స్కాట్లండు దేశీయుడు, ఉష్ణోగ్రత అణువుల వేగపు వర్గానికి అనుపాతంలో ఉంటుందని వివరిస్తూ 1845లో లండన్ రాయల్ సొసైటీకి ఒక పరిశోధన పత్రం పంపాడు. పరిశీలకులు దానిని ప్రచురణకు తగదన్నారు. వ్రాతప్రతిని తిరిగి ఇవ్వలేదు, ఆయన వద్ద నకలు లేదు. అది సొసైటీ భాండాగారంలో ఉండిపోయింది. 1857లో క్లాసియస్, 1860లో మాక్స్‌వెల్ ఇదే మార్గంలో నడచి కీర్తి గడించారు. వాటర్‌స్టన్ 1883లో మరణించాడు. ఆ వ్రాతప్రతిని 1891లో లార్డ్ రేలీ కనుగొని మరుసటి సంవత్సరం ప్రచురింపజేశాడు.

ఉష్ణోగ్రత స్థిరంగా లేనప్పుడు

బాయిల్ నియమం వర్తించాలంటే వాయువును నెమ్మదిగా కుదించాలి, పుట్టిన వేడి బయటకు పోవడానికి వ్యవధి ఉండాలి. సైకిలు పంపును గబగబా కొట్టినప్పుడు అడుగు భాగం చేతికి కాలుతుంది. ఆ సమయంలో ఉష్ణోగ్రత స్థిరంగా లేదు కనుక బాయిల్ లెక్క కంటె పీడనం ఎక్కువగా పెరుగుతుంది. ఇటువంటి దానిని స్థిరోష్ణక ప్రక్రియ అంటారు. డీజిల్ ఇంజనులో స్పార్కు ప్లగ్గు లేకుండానే ఇంధనం మండడం దీనివలననే.

ఈ షరతు దగ్గర న్యూటన్ అంతటివాడే చిక్కుబడ్డాడు. గాలిలో ధ్వని వేగాన్ని లెక్కించేటప్పుడు గాలి పొరలు బాయిల్ నియమం ప్రకారం కుదించుకొంటాయని ఆయన భావించాడు. ఆ సూత్రం ప్రకారం 0 డిగ్రీల వద్ద ధ్వని వేగం సెకనుకు 280 మీటర్లు రావాలి. నిజమైన విలువ 331. ధ్వని తరంగంలో గాలి సెకనుకు వందల సార్లు కుదించుకొని విచ్చుకొంటుంది, అంత తక్కువ వ్యవధిలో వేడి అటూ ఇటూ ప్రవహించలేదు. ఈ సంగతిని గ్రహించి 1816లో లాప్లాస్ సూత్రాన్ని సవరించాడు. 280ని 1.4 యొక్క వర్గమూలంతో గుణిస్తే 331 వస్తుంది.

నిజ వాయువులు

అణువులకు పరిమాణం లేదని, వాటి మధ్య ఆకర్షణ లేదని భావించినప్పుడు మాత్రమే ఆదర్శ వాయు సమీకరణం పూర్తిగా సరిపోతుంది. అటువంటి వాయువు ప్రకృతిలో లేదు. 0 డిగ్రీలు, ఒక అట్మాస్ఫియర్ వద్ద ఒక మోల్ హైడ్రోజన్ 22.43 లీటర్లు, బొగ్గుపులుసు వాయువు 22.26 లీటర్లు, అమ్మోనియా 22.08 లీటర్లు ఆక్రమిస్తాయి. తేడా స్వల్పమే. పీడనం బాగా పెరిగినప్పుడు, ఉష్ణోగ్రత బాగా తగ్గినప్పుడు ఈ తేడా పెద్దదవుతుంది.

1869లో ఐర్లండు శాస్త్రజ్ఞుడు థామస్ ఆండ్రూస్ బొగ్గుపులుసు వాయువును కుదించి చూచాడు. 31 డిగ్రీలకు దిగువన అది ఒక దశలో ద్రవమవుతుంది. 31 డిగ్రీలకు పైన ఎంత పీడనం ప్రయోగించినా ద్రవం కాదు. ఈ హద్దును సందిగ్ధ ఉష్ణోగ్రత అంటారు. ఆక్సిజన్‌కు ఇది -118.6 డిగ్రీలు, నత్రజనికి -147 డిగ్రీలు. 1873లో వాండర్ వాల్స్ అణువుల పరిమాణానికీ ఆకర్షణకూ రెండు సవరణలు చేర్చి కొత్త సమీకరణం ఇచ్చాడు. అణువులు కొంత చోటును తామే ఆక్రమిస్తాయి కనుక ఘనపరిమాణం నుండి ఆ మేరకు తీసివేయాలి. పరస్పరాకర్షణ వలన గోడ మీద తాకిడి తగ్గుతుంది కనుక పీడనానికి ఆ మేరకు కలపాలి. ఈ కృషికి ఆయనకు 1910లో నోబెల్ బహుమతి లభించింది.

సిలిండర్లు: నియమం వర్తించేవి, వర్తించనివి

సందిగ్ధ ఉష్ణోగ్రత అనేది పుస్తకాలకు పరిమితమైన విషయం కాదు. సిలిండరుకు బిగించిన గేజిని నమ్మవచ్చునా లేదా అన్నది దానిమీదనే ఆధారపడుతుంది.

ఆక్సిజన్ ఏ గది ఉష్ణోగ్రత వద్దనైనా సందిగ్ధ ఉష్ణోగ్రతకు ఎంతో పైన ఉంటుంది. కనుక సిలిండరులో అది వాయువుగానే ఉంటుంది, పీడనం మిగిలిన ఆక్సిజన్‌కు అనుపాతంలో ఉంటుంది. ఆసుపత్రులలో వాడే పెద్ద సిలిండరు లోపలి ఘనపరిమాణం సుమారు 46.7 లీటర్లు. దానిని 150 అట్మాస్ఫియర్ల వరకు నింపితే, బయటి పీడనం వద్ద 46.7 × 150, అనగా 7000 లీటర్ల ఆక్సిజన్ వస్తుంది. రోగికి నిమిషానికి 10 లీటర్లు ఇస్తే 700 నిమిషాలు, అంటే 11 గంటల 40 నిమిషాలు వస్తుంది. గేజి 50కి దిగితే మిగిలినది మూడవ వంతు. నాలుగు గంటల లోపే మరొక సిలిండరు సిద్ధం చేసుకోవాలి. 2021 వేసవిలో కోవిడ్ రెండవ తరంగం వచ్చినప్పుడు ఇంటి వద్ద సిలిండరు పెట్టుకొన్న ఎన్నో కుటుంబాలకు ఈ లెక్కతో అవసరం పడింది. టైరు విషయంలో వలె ఇక్కడ వాతావరణ పీడనాన్ని కలపనవసరం లేదు. గేజి సున్నాకు దిగినప్పుడు సిలిండరు నిండా వాతావరణ పీడనం గల ఆక్సిజన్ మిగిలే ఉంటుంది గాని అది బయటకు రాదు. అప్పుడే నింపిన సిలిండరు వెచ్చగా ఉంటుంది కనుక గేజి కొంచెం ఎక్కువ చూపుతుందని కూడా గుర్తించాలి. అంత పీడనం వద్ద ఆదర్శ వాయు సమీకరణానికీ నిజానికీ కొద్ది శాతం తేడా ఉన్నా, ఈ అవసరానికి అది అడ్డు కాదు.

శస్త్రచికిత్స గదిలో ఆక్సిజన్ ప్రక్కనే ఉండే నైట్రస్ ఆక్సైడ్ సిలిండరు కథ వేరు. దాని సందిగ్ధ ఉష్ణోగ్రత 36.4 డిగ్రీలు. చల్లని గదిలో అది సిలిండరు లోపల ద్రవంగా ఉంటుంది, ద్రవం పైన దాని ఆవిరి ఉంటుంది. వాడుతున్న కొద్దీ ద్రవం ఆవిరై లోటును భర్తీ చేస్తుంది. 20 డిగ్రీల వద్ద గేజి 50 అట్మాస్ఫియర్ల దగ్గరనే నిలబడి, చివరి ద్రవపు చుక్క ఆవిరైన తరువాత గాని పడిపోవడం మొదలుపెట్టదు. అప్పటికి సిలిండరు దాదాపు ఖాళీ. దీనిలో ఎంత మిగిలినదో తెలియాలంటే తూచవలసిందే. బొగ్గుపులుసు వాయువుతో మంటలార్పే సిలిండర్లనూ అందుకే తూచి పరీక్షిస్తారు. మన వేసవిలో నీడలో కూడా 40 డిగ్రీలు దాటే రోజులలో ఈ రెండు పదార్థాలూ సందిగ్ధ ఉష్ణోగ్రతను మించిపోతాయి. అప్పుడు లోపల ద్రవం, ఆవిరి అన్న భేదమే ఉండదు, పీడనం వేగంగా పెరుగుతుంది. వాటిని ఎండ తగలని చల్లని చోట ఉంచాలన్న నిబంధనకు కారణం ఇది.

వంటగ్యాసు కూడా ద్రవరూపంలో ఉండేదే. ప్రోపేన్, బ్యూటేన్‌ల సందిగ్ధ ఉష్ణోగ్రతలు వరుసగా 97, 152 డిగ్రీల దరిదాపులలో ఉంటాయి కనుక ఎంతటి ఎండలోనైనా సిలిండరులో ద్రవం ఉంటుంది. 14.2 కిలోల సిలిండరు నిండుగా ఉన్నా సగం ఉన్నా పొయ్యి మంట ఒకే తీరున ఉండడం, అయిపోయే ముందు మాత్రమే తగ్గడం గృహిణులందరికీ తెలిసినదే. దానిని బాయిల్ నియమంతో వివరించబూనడం పొరపాటు.

ప్రెషర్ కుక్కరు విషయంలోనూ ఇదే పొరపాటు వ్రాతలలో కనబడుతుంది. మూత బిగించిన పాత్రలో ఘనపరిమాణం స్థిరం కనుక గే-లూసాక్ నియమం ప్రకారం పీడనం పెరుగుతున్నదని వ్రాస్తుంటారు. కుక్కరులో నీరు ఉన్నంతవరకు అందులోనిది సంతృప్త ఆవిరి; వేడిచేసిన కొద్దీ ఆవిరి ద్రవ్యరాశియే పెరుగుతుంది. అందువలన "నియమిత ద్రవ్యరాశి గల" అన్న షరతు అక్కడ వర్తించదు. 100 డిగ్రీల నుండి 120 డిగ్రీలకు వెళ్ళేసరికి, బంధించిన పొడి గాలి పీడనం 5 శాతం మాత్రమే పెరుగుతుంది. అదే వేడికి నీటి ఆవిరి పీడనం ఒక అట్మాస్ఫియర్ నుండి దాదాపు రెండుకు చేరుతుంది. నీరు పూర్తిగా ఇగిరిపోయి కుక్కరు మాడుతున్నప్పుడు మాత్రం లోపల మిగిలిన ఆవిరి మామూలు వాయువు వలె ప్రవర్తించి, వాయు నియమాలకు లోబడుతుంది.